తాళంచెవి అడిగిన ఇంజను

అవును బిడ్డా, ఫోన్లో నీకు వినబడింది మీ తాత జీపు చప్పుడే. మొహం చూస్తే అంత ముసలిది, చప్పుడేమో కొత్త కారులా మెత్తగా ఉందేమిటని అడిగావు. దానిలో ఉన్నది దాని ఇంజను కాదు, అందుకు. వేరే బండిది తీసి పెట్టారు. నువ్వడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఇంతే అని ఫోను పెట్టేస్తే నాకు మనసున పట్టదు. సూరత్‌లో మీకిప్పుడు సెలవులే కదా. చెల్లెను కూడా పక్కన కూర్చోబెట్టుకో. మెల్లగా చెబుతాను. మధ్యలో అర్థం కాకపోతే అడగండి.

మీ అమ్మ పలకా బలపం పట్టిన నాటి నుంచీ ఆ జీపు మా ఇంటి ముందు ఉంది. ఏదో సర్కారు ఆఫీసు వాళ్లు ఇక పనికిరాదని వేలం వేస్తే మీ తాత తెచ్చుకున్నాడు. పాలకుర్తి నుంచి మా ఊరికి ఇప్పుడు ఆటోలు తిరుగుతున్నాయి కానీ అప్పుడు ఏ దిక్కూ లేదు. పత్తి ఏరేవాళ్లను చేనుకు చేర్చినా, ఎరువు బస్తాలు తెచ్చినా, నొప్పులు పడుతున్న ఆడపిల్లను దవాఖానకు తీసుకుపోయినా అదే. దాని తాళంచెవి ఎప్పుడో చేలో పడిపోయింది. మీ తాత వెతకనైనా వెతకలేదు. తాళం పెట్టే చోట ఒక మేకు దోపి, దాన్ని తిప్పి స్టార్ట్ చేసేవాడు. అలా కాకపోతే నలుగురు వచ్చి తోసేవాళ్లు.

"నా బండికి తాళం ఎందుకే? దొంగోడు వచ్చినా, తోసెటోళ్లు లేక ఒట్టిగనే వాపస్ పోతడు," అని నవ్వేవాడు.

ఎండలు ముదిరితే మాత్రం ఆ జీపు మా ఊళ్లో ఉండేది కాదు. భూపాలపల్లి అడవుల్లో ఆ రోజుల్లో తునికాకు కోస్తారు. బీడీలు చుట్టే ఆకు. ఊళ్ల వాళ్లు పొద్దున్నే పోయి కోసుకొచ్చి, కట్టలు కట్టి కల్లాల్లో ఎండబెడతారు. ఎండిన కట్టలను బస్తాల్లో నింపాక వాటిని రోడ్డు దాకా చేర్చాలి. కొన్ని కల్లాలు వాగు ఇసుక అవతల, రాళ్ల తొవ్వల్లో లోపలెక్కడో ఉంటాయి. అక్కడికి లారీ పోదు. ట్రాక్టరు కూడా ఇసుకలో కూరుకుపోతుంది. నాలుగు చక్రాలకూ బలం ఉన్న మీ తాత జీపు పోయేది. ఆకు ఎండే వేళకు పోయి, మొదటి వాన పడేలోపు బస్తాలన్నీ రోడ్డెక్కించి వచ్చేవాడు.

ఒక ఏడు నేను కూడా వెంట పోయాను. మేమింకా వాగుకు ఇవతల ఉండగానే అవతలి ఒడ్డు మీద ఆడవాళ్లు, పిల్లలు, "జీపు బాపు వచ్చిండు, జీపు బాపు వచ్చిండు," అని కేకలేస్తున్నారు. ఇక్కడ మా ఊళ్లో ఆయన్ను ఎవరు పట్టించుకుంటారు? కొద్దిపాటి చెలక ఉన్న ముసలాయన, అంతే. అక్కడ ఆయనకొక పేరుంది. మీసం కింద నవ్వు దాచుకుంటూ గేరు మార్చడం ఆ రోజు చూశాను. ఇంట్లో ఆ నవ్వు నాకెప్పుడూ కనబడలేదు.

రెండేళ్ల కింద శివరాత్రి పోయాక ఒక రోజు పత్తి కట్టె వేసుకొస్తుంటే జీపు తొవ్వలో పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. దాని కింద నూనె, నీళ్లు కలిసి మడుగైంది. మహబూబాబాద్‌లో బండ్ల షెడ్డులో పని చేసే మీ మామను పిలిపించాం. నా కొడుకని చెప్పుకోవడం కాదు, పని తెలిసినవాడే. వాడు కింద పడుకుని చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"బ్లాకు పగిలింది బాపు. ఇగ దీంతోని కాదు."

"అతుకు వెయ్యిరా. గింతదానికి ఇంజను పారేస్తరా?"

"గింతదా? ఏలు వట్టేంత సందున్నది. గసొంటి పాత ఇంజన్లు ఏడ దొరుకుతలేవు. కొత్త రకంది పెడ్త. పొగ రాదు, బలం ఎక్కువ. వాగుల ఇసుక నీకు సిమెంటు రోడ్డు లెక్కనే ఉంటది."

"కొత్త రకం అంటే?"

"డీజిల్ ఎప్పుడు కొట్టాల్నో, ఎంత కొట్టాల్నో కంప్యూటరే సూస్కుంటది."

"మరి నేనేం సూస్కోవాలెరా?"

"నువ్వు తొవ్వ సూస్కో."

నేను నవ్వాను. మీ తాత నవ్వలేదు.

ఆ వారమే భూపాలపల్లి నుంచి ఫోను వచ్చింది. కల్లాల మీద పెత్తనం చేసే పెద్దమనిషి, కల్లేదారు అంటారు అక్కడ. మీ తాత ఫోను చెవికి పెట్టుకోడు, అందరికీ వినబడేలా అరచేతిలో పెట్టుకుంటాడు. అందుకని నేనూ విన్నాను.

"అన్నా, నీ జీపు పండుకున్నదంట గద?"

"లేస్తది. ఇంజను మారుస్తున్నం."

"మంచిది. ఆకు ఎండెటాల్లకు ఈడ ఉండాలె మరి. నీ జీపు లెక్కనే నాలుగు చక్రాలకు బలమున్న వ్యాను తెచ్చుకున్న పిలగాడొకడు రోజు వచ్చి కూసుంటున్నడు, నాకియ్యి నాకియ్యి అని. నీ మీద గౌరవంతోని ఆపిన. వాడొక్కసారి తొవ్వల వడ్డంక ఇగ నేను నిన్ను పిలువలేను. నీ వయసు గూడ సూడాలె గద. ఏమనుకోకు."

"నేనేమన్న సచ్చిన్నా?" అన్నాడు మీ తాత, నవ్వుతున్నట్టుగా. ఫోను ఆగిపోయాక దాన్ని చాలాసేపు అరచేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఈ ఎండాకాలం తప్పిపోతే ఇక ఏ ఎండాకాలమూ ఉండదు. ఆయనకూ తెలిసింది, నాకూ తెలిసింది. ఇద్దరం దాని మాట ఎత్తలేదు.

మీ మామ మహబూబాబాద్‌లో పాత సామాన్ల అడ్డాలన్నీ తిరిగి ఒక ఇంజను పట్టాడు. వెనక నుంచి లారీ కొట్టిన కారుది. వెనక భాగం పప్పు పప్పు అయింది కానీ ముందున్న ఇంజనుకు గీత పడలేదట. ఇంజను, గేరు పెట్టె, చేతి మందాన ఉన్న కంప్యూటరు డబ్బా, మీటర్ల పలక, ఒక మోపెడు వైర్లు ట్రాలీలో వేసుకొచ్చాడు. షెడ్డులో సెలవు పెట్టి ఇంటి ముందే పని మొదలుపెట్టాడు. మూడు దుంగలను నిలబెట్టి, వాటి కొసలు కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీశాడు. పాత ఇంజను గాల్లోకి లేచినప్పుడు మీ తాత దాని కింద చేయి పెట్టాడు, పడితే పట్టుకుందామన్నట్టు. దాన్ని చింపిన గోనె సంచుల మీద దింపించి, ఎండ తగలకుండా తాటిపత్రి కప్పాడు.

కొత్తది ఆ చోట ఒక పట్టాన కూర్చోలేదు. దాని కాళ్లు వేరు, దీని సందు వేరు. కోయడం, అతకడం, దింపడం, మళ్లీ ఎత్తడం. ఫ్యాను రెక్క రేడియేటరుకు తగులుతుందని ముందు పట్టీ కోశారు. గేరు పెట్టె పట్టకపోతే కాళ్లు పెట్టే రేకు కోశారు. మీ తాత ప్రతి బోల్టునూ కిరోసిన్‌లో కడిగి, వరసగా పాత చాట మీద పేర్చేవాడు. తండ్రీకొడుకులు అన్ని రోజులు ఒకచోట ఉండి కొట్లాడుకోకపోవడం నేను అప్పుడే చూశాను. వైర్లు మాత్రం ఆయనకు నచ్చలేదు.

"గిది ఇంజనా, పెండ్లి పందిరా?" అనేవాడు.

తాళం బిగించే వేళకు మీ మామ, "తాళం బుర్ర రాలేదు బాపు, అడ్డా మీద యాది మర్చిన," అన్నాడు.

"తాళం ఎందుకురా? మేకున్నది గద," అన్నాడు మీ తాత.

వాడు కూడా నవ్వి, వైర్లు తెచ్చి మేకు దోపే పాత స్విచ్చుకే కలిపాడు. చెబితే ఎవరైనా నవ్వుతారు. ఇన్నేళ్లు మేకుతో బండి నడిపిన ఇంట్లో తాళంచెవి ఎవరికి గుర్తొస్తుంది? అన్నీ తెచ్చాడు, అదొక్కటి తేలేదు.

పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మీ తాత మేకు తిప్పాడు. ఇంజను ఒక్కసారి అందుకుంది. ఎంత చక్కగా అందుకుందో! అంతలోనే, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అందుకుంది, ఆగింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

"ఎయిర్ వట్టింది," అని మీ తాత పానా తీసుకుని డీజిల్ పైపు దగ్గరికి వంగాడు. పాత ఇంజనుకు గాలి పడితే అక్కడ నట్టు వదులు చేసి గాలి తీసేసేవాడు.

"బాపు! దాని మీద చెయ్యి వెయ్యకు! గా పైపుల డీజిల్ తుపాకి గుండు లెక్క వస్తది, చెయ్యి తెగుతది!" అని మీ మామ అరిచాడు.

మీ తాత పానా కింద పెట్టాడు. ఆయన చేతికి ఇక అక్కడ చేయడానికి ఏమీ లేదని ఆ క్షణాన తెలిసింది. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

సరే, తోద్దామన్నారు. మా వాడలో జీపు తోయని మనిషి లేడు. ఆడా మగా అందరూ వచ్చారు. ఇంటి ముందు నుంచి బడి దాకా తోశారు, బడి నుంచి వెనక్కి తోశారు. అది ముక్కుతుంది, ఆగుతుంది. ఎదురింటి అవ్వ చెమట తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఏమాయెరా దీనికి? కొత్త పెండ్లికొడుకు లెక్క అలిగిందేంది?"

"బంగారం పెడ్తవా అవ్వా, లేస్తదేమో!" అన్నారెవరో.

"నా మెడల ఉన్నయి గీ పూసలే. తీస్కోమను, లేసి నడుస్తె సాలు."

అందరూ నవ్వారు. మీ తాత కూడా నవ్వాడు కానీ చేతిలో మేకును అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

ఆఖరికి మీ మామ తన షెడ్డు ఉస్తాదుకు ఫోను చేశాడు. ఆయన అన్నీ విని, మీటర్ల పలక మీద తాళం బొమ్మ ఏమైనా మిణుకుతుందా అని అడిగాడు. మేము వంగి చూశాం. మిణుకుతోంది, ఎర్రగా. పొద్దుటి నుంచీ అది మిణుకుతూనే ఉంది, మేము ముస్తాబు దీపమనుకున్నాం. తాళంచెవి తలకాయలో చిన్న బిళ్ల ఒకటి ఉంటుందట. కంప్యూటరు డబ్బా ముందు దాన్ని చూసుకుంటుందట. అది లేకపోతే దొంగ అనుకుని డీజిల్ ఆపేస్తుందట. మీ మామ తల పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"గా తాళంచెవి లేకుంటె ఇది మనల్ని గుర్తు పట్టదు బాపు."

"గుర్తు వట్టెటందుకు నేను దానికి కొత్తల్లున్నా? కడుపు నిండ డీజిల్ పోసిన, సాలదా?"

హన్మకొండలో ల్యాప్‌టాప్ పెట్టి ఇలాంటివి విప్పే మనిషి ఒకడున్నాడని ఉస్తాదు చెప్పాడు. ఆయనేమో డబ్బాను ఇంకా పెద్ద పట్నానికి పంపాలి, తన చేతిలో ఇప్పటికే చాలా పనులున్నాయి, వానలు పడే దాకా కాదన్నాడు. అక్కడ అడవిలో ఆకు కోయడం అప్పటికే మొదలైంది. ఇక మిగిలింది అసలు తాళంచెవి. కారు ఎవరిదని అడ్డా ఆయన్ను అడిగితే, భూపాలపల్లి దాటాక ఒక ఊరి పేరు చెప్పాడు. బొగ్గు బాయిల దగ్గర కారు కిరాయికి తిప్పుకునే పిల్లవాడట. లారీ కొట్టిన రోజు అందులో వాడే ఉన్నాడట.



"మీరిద్దరు పోండ్రి," అన్నాడు మీ మామ. "నేను వోతె బేరానికి వచ్చిండనుకుంటరు. అవ్వ ఉంటె మాట మెత్తగ ఉంటది." ఆ తాళంచెవి ఎలా ఉంటుందో ఫోన్లో బొమ్మ తెరిచి మా ఇద్దరికీ చూపించాడు. నల్లటి లావుపాటి తల, దాని మీద మూడు మీటలు.

హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా పోయాం. మీ తాత కిటికీ పక్కన కూర్చున్నాడు. బొగ్గు లారీలు ఎదురైనప్పుడల్లా కళ్లు మూసుకున్నాడు. దారిలోనే కల్లేదారు ఫోను వచ్చింది. ఆకు బాగా ఎండుతోంది, ఎప్పుడొస్తున్నావని. "తొవ్వల్నే ఉన్న," అన్నాడు మీ తాత. అబద్ధం కాదు. తొవ్వలోనే ఉన్నాం, జీపు ఒక్కటి లేదు.

ఆ ఇల్లు ఊరి చివరన ఉంది. ముందు రేకుల పందిరి, దాని కింద కారు నిలబెట్టే చోటు. నేల మీద నూనె మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదు. వంట కట్టెలు కూడా ఎండలోనే పేర్చారు. తల్లి ఒక్కతే ఉంది. నా ఈడుదే. కోడలు పిల్లవాణ్ని తీసుకుని పుట్టింటికి పోయిందట. మేమెవరో అడగకముందే నీళ్ల చెంబు తెచ్చింది.

"గింత ఎండల ఏ ఊరు నుంచి వచ్చిండ్రు చెల్లె?"

"పాలకుర్తి దిక్కు నుంచి అక్కా."

"అయ్యో, గంత దూరమా! ముందుగాల నీళ్లు తాగుండ్రి."

లోపల గోడ మీద దండ వేసిన ఫోటో కనబడుతోంది. మీ మామ కన్నా చిన్నవాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె చాయ్ పెట్టింది. మీ తాత సాసరులో పోసుకుని ఊదుతూ, ఈయేడు ఆకు ఎట్లున్నదని అడిగాడు, వచ్చింది ఆకు సంగతికే అన్నట్టు.

"ఏమో అన్నా. నేను అడివికి వోక ఏడాది దాటింది," అందామె.

మీ తాత నా వైపు చూశాడు. అడగాల్సింది నేనే అని అర్థమైంది.

"అక్కా, మీ పిలగాని బండి ఇంజను మా కాడున్నది," అన్నాను.

ఆమెకు వెంటనే అందలేదు. "బండిని మా అల్లుడు అమ్మిండు చెల్లె. ఎవలకిచ్చిండో నేను అడగలె."

"పాత సామాన్ల అడ్డాల ఉంటె మా కొడుకు తెచ్చిండు. మా జీపుల వెట్టిండు."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. పైకొంగు చివర ముడిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. ఆడవాళ్లం అందరం అలా చేస్తాం కదా, చిల్లర ముడేసుకున్న కొంగును. నేను పట్టించుకోలేదు.

"నడుస్తున్నదా?" అని అడిగింది.

"లేదక్కా. లేస్తలేదు."

"ఎందుకు లేవదు? వాడు దాన్ని కండ్లల్ల వెట్టుకోని సూస్కున్నడు. నూనె గూడ మంది చేత మార్పియ్యకపోతుండె."

అప్పుడు మీ తాత ముందుకు జరిగాడు. ఆమెను ఊరడిద్దామనుకున్నాడు పాపం. "ఇంజనుకేం కాలేదక్కా. లక్షణమైన ఇంజను. గని అది ఓనర్ను గుర్తు వడ్తదంట. వేరేటోళ్ల చెయ్యి వడితె లేవనే లేవదంట. వాని తాళంచెవి ఉంటెనే లేస్తదంట. గదే అడుగుదమని వచ్చినం."

బిళ్ల సంగతి, డబ్బా సంగతి ఆయన చెప్పలేదు. చెప్పడం రాలేదు. ఆయనకు అర్థమైంది అంతవరకే.

ఆమె చాలాసేపు మా ఇద్దరినీ చూసింది. "గుర్తు వడ్తదా వాణ్ని?" అంది.

మేము తల ఊపాం.

"అంటే అదింక వాని కోసమే సూస్తున్నదన్నట్టు."

మీ మామ ఉండి ఉంటే, అట్ల కాదమ్మా అని ఏదో ఒకటి చెప్పేవాడు. మాకేం తెలుసు? ఎట్ల కాదని చెప్పాలో మాకు తెలియదు. కాదని చెప్పడానికి నోరు కూడా రాలేదు. పందిరి రేకుల మీద ఎండకు టిక్కు టిక్కుమని చప్పుడవుతోంది.

"తాళంచెవి లేదు చెల్లె," అంది ఆమె, నెమ్మదిగా. "బూడిదతోని పాటు కాళేశ్వరంల కలిపినం. వాని వాచి, తాళంచెవి, అన్ని గోదాట్లనే కలిసినయి."

అని, నా గ్లాసు తీసుకోవడానికి వంగింది. వంగినప్పుడు కొంగు ముడి నా మోకాలి దగ్గరికి జారింది. ఉతికి ఉతికి పలచబడిన చీర. ముడిలో నుంచి నల్లటి తల ఒకటి సగం బయటికి వచ్చింది. మీటలు మూడు. రుద్ది రుద్ది వాటి మీది బొమ్మలు చెరిగిపోయి ఉన్నాయి. ఆ ఇంట్లో ఇంకో బండి లేదు.

ఆమె చూసుకోలేదు. ముడిని మళ్లీ నడుము దగ్గర దోపుకుంది.

అక్కా, జర ఇంకోసారి వెతుకు అంటే చాలు. అంతకన్నా ఏమీ అనక్కర్లేదు. పక్కన మీ తాత ఉన్నాడు. వాగు అవతల ఒడ్డు మీద కేకలేసే జనం ఉన్నారు. ఇక పిలువలేనన్న కల్లేదారు ఉన్నాడు. అన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఎదురుగా ఆమె బొటనవేలు మళ్లీ ఆ ముడి మీదికే పోయింది. నేనేమీ అనలేకపోయాను.

అప్పుడే మీ తాత లేచి నిలబడ్డాడు. సాసరులో చాయ్ సగం అలాగే ఉంది. "పోదాం పా. బస్సు దొరుకది," అన్నాడు.

ఆమె పందిరి చివర దాకా వచ్చింది. "అన్నా," అంది, "దాన్ని తోసి తోసి పరేషాన్ చెయ్యకుండ్రి."

"చెయ్యమక్కా," అన్నాడు మీ తాత.

ఇంటికి చేరేసరికి మీ మామ ఎదురొచ్చి, ఏమన్నదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మీ తాత, "గోదాట్ల కలిపిండ్రట," అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. వాడు కంప్యూటరు డబ్బాను విప్పి, గుడ్డలో చుట్టి, ఎప్పుడైతే అప్పుడే కానీ అని హన్మకొండ ఆయనకు పంపాడు.

ఆ తర్వాతి రోజులు ఎట్ల గడిచాయో ఏం చెప్పను. కల్లేదారు ఫోను చేస్తే మొదట్లో మీ తాత "తొవ్వల ఉన్న" అన్నాడు. తర్వాత ఫోను మోగుతుంటే దాన్ని చూస్తూ కూర్చునేవాడు. నేను తీసి ఆయన చేతిలో పెట్టబోతే తల అడ్డంగా ఊపేవాడు. ఆఖరికి ఒకసారి తీశాడు. "రాలేనన్నా. నువ్వు ఆ పిలగాన్ని పిలుసుకో," అన్నాడు. అవతల ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. మీ తాత, "ఉంట మరి," అని ఆపేశాడు. ఆ మాట చెప్పడానికి పెద్దగా కష్టపడినట్టు కూడా లేడు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

మాట్లాడే పని లేకుండా నాకు చేతనైంది ఒక్కటే, వేళకు చాయ్ పెట్టివ్వడం. పెట్టిచ్చాను. తాగాడు. జీపు ముందు అద్దం మీద దుమ్ము పడుతుంటే తుడిచేవాడు. లోపల కూర్చుని స్టీరింగు పట్టుకునేవాడు. మేకు మాత్రం ముట్టలేదు. తోద్దామా అని వాడకట్టు వాళ్లు వస్తే, "వద్దు. దాన్ని పరేషాన్ చెయ్యద్దు," అని పంపేశాడు.

వానలు పడ్డాక, వరి నారు పోసే రోజుల్లో డబ్బా తిరిగి వచ్చింది. తాళం అడిగే అలవాటు మాన్పించారట. మీ మామ వచ్చి బిగించాడు. మేకు తిప్పితే ఒక్క పట్టున లేచింది. మీరు విన్నారే, ఆ చప్పుడే. ఎదురింటి అవ్వ పరుగెత్తుకొచ్చి, "అలక వోయిందా!" అని చేతులు తిప్పి దిష్టి తీసింది. పొగ లేదు, అదురు లేదు. ఎరువు బస్తాలు ఎన్ని వేసినా లెక్కచేయదు. ఆ తర్వాతి ఎండాకాలం ఆకు ఎండే వేళకు మీ తాత బ్యాటరీ చార్జింగ్ పెట్టించి, టైర్లలో గాలి కొట్టించి, ఫోను ఎదురుగా పెట్టుకున్నాడు. కల్లేదారు ఫోను రాలేదు. ఈ ఎండాకాలమూ రాలేదు.

ఆయన్ను చూస్తూ నేనే లోపల తన్నుకుంటున్నాను. మీ తాతకు ఎడమ కన్ను మసక. ఆమె కూర్చున్నది ఆయనకు ఎడమ పక్కనే. ఆ లెక్కన చూస్తే ఆయనకు ఏమీ తెలియదు, గోదారి మాటను నిజమనుకుని, ఇక దారి లేదనుకుని వచ్చాడు. అప్పుడు ఆయన ఎండాకాలాలన్నీ పోయింది నా నోరు లేవకే. కానీ మీ తాత నా పెళ్లయినప్పటి నుంచి ఏ ఇంట్లోనూ సాసరులో చాయ్ వదిలి లేచినవాడు కాదు. లేవని బండిని తోయవద్దని మనుషులను పంపినవాడూ కాదు.

మొన్న నువ్వు ఫోన్లో చప్పుడు విన్నప్పుడు ఆయన చేనుకు బయలుదేరుతున్నాడు. అంతకు కొంచెం ముందే నేను ఉండబట్టలేక జీపు తలుపు పట్టుకుని అడిగాను. ఆయన విన్నాడు. విన్నాడని నాకు తెలుసు. నా మొహం వంక ఒకసారి చూసి, నా చేతిలో నీ ఫోను మోగి నేను తీసేసరికి, మేకు తిప్పి, గేరు వేసి పోయాడు. సాయంత్రం వచ్చాక వానల సంగతి మాట్లాడాడు, పత్తి సంగతి మాట్లాడాడు. దీని సంగతి మాట్లాడలేదు. నేను అడిగింది చిన్న మాటే బిడ్డా.

"ఆమె కొంగు ముడిల ఉన్నది నీకు గూడ కనవడ్డదా?"